నాణ్యమైన ప్రత్యర్థి

ఆ ఏడాది నగరానికి గొప్పవాళ్ళ పిచ్చి పట్టింది. టీకొట్ల దగ్గర, బస్సుల్లో, టీవీల్లో, ఎక్కడ చూసినా ఒకటే గొడవ: అన్ని కాలాల్లోకీ గొప్ప ఆటగాడు ఎవరు? క్రికెట్‌లో ఎవరు, చదరంగంలో ఎవరు, కబడ్డీలో ఎవరు? లిఫ్టు ఆగిపోతే మొదటి అంతస్తుకి కూడా ఆయాసపడుతూ ఎక్కే పెద్దమనుషులు ఈ విషయంలో మాత్రం ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు.

ఇంతటి ప్రజాచైతన్యం వృథా పోకూడదని నగర పాలకులు ఒక నిబంధన తెచ్చారు. ఊళ్ళో ప్రతి ఆటస్థలమూ ఎవరో ఒక సార్వకాలిక మహాక్రీడాకారుడి పేరు మీద ఉండాలి. అలాంటి మనిషిని చూపించలేని ఆటస్థలాన్ని ప్రజలకు అంతకంటే ఎక్కువ ఉపయోగపడే పనికి, అంటే ఫొటోలు దిగే పార్కుకి, ఇచ్చేస్తారు. టెన్నిస్ కోర్టు వాళ్ళు తమ అధ్యక్షుడి తండ్రిగారిని చూపించి గట్టెక్కారు. ఈతకొలను వాళ్ళకి ఎవరూ దొరకలేదు. నీళ్ళు తీసేశారు. ఇప్పుడక్కడ ప్లాస్టిక్ డాల్ఫిన్‌ని కావలించుకుని ఫొటో దిగవచ్చు.

తర్వాత వంతు చేపలరేవు పక్కనున్న రేకుల షెడ్డుకి వచ్చింది.

షెడ్డులో తాళ్ళు కట్టిన బరి ఒకటి, దూలానికి వేలాడే ఇసుక బస్తా ఒకటి, పాత బోటు నుంచి ఊడదీసి తెచ్చిన కంచు గంట ఒకటి ఉన్నాయి. అక్కడ రేవు పిల్లలకి, ముఖ్యంగా ఆడపిల్లలకి, బాక్సింగ్ నేర్పేది సూరాడ దానయ్య. తన రోజుల్లో ఆ తీరంలో దానయ్యని ఓడించినవాడు లేడు. ఆయన భార్య నూకరత్నానికి బాక్సింగ్ అంటే ప్రధానంగా ఉతుకు. పిల్లలు చేతులకి చుట్టుకునే పట్టీలు రోజూ ఆమే ఉతికి, షెడ్డు ముందు తీగ మీద ఆరేస్తుంది. గంట కొట్టేదీ ఆమే. దానయ్య పాత ప్రత్యర్థి, ఇప్పటి ప్రాణస్నేహితుడు జోగులుకి కొన్నాళ్ళు ఆ పని అప్పగించి చూశారు. ఆట ఎప్పుడు ఆగుతుందా అని చూసే పాత అలవాటుకొద్దీ అతను ప్రతిసారీ ముందే కొట్టేసేవాడు.

దానయ్యకి ఈమధ్య మతిమరుపు వచ్చింది. అన్నం తిన్నదీ లేనిదీ గుర్తుండదు. సొంత వీధిలో దారి తప్పుతాడు. కాని షెడ్డులోకి అడుగుపెట్టి గంట వింటే చాలు, వెన్ను నిటారుగా నిలుస్తుంది, చేతులు వాటంతట అవి గడ్డం ముందుకి వస్తాయి, ప్రతి పిల్లనీ పేరు పెట్టి పిలుస్తాడు. "అలవాటైన చోటు మాన్పించకండి. ఆ షెడ్డు పోతే మనిషి చేతికి రాడు" అని డాక్టరు నూకరత్నంతో విడమరిచే చెప్పాడు.

అయినా నిబంధన సంగతి తెలియగానే ఆమె కంగారుపడలేదు. పైగా నవ్వింది. ఎవరి చేతిలోనూ ఓడనివాణ్ణి గొప్పవాడనడానికి అడ్డేముంటుంది అనుకుంది. అప్పటికి ఆమె ఆ గొప్పతనాన్ని తేల్చే సంఘాన్ని చూడలేదు.

*

సంఘం పూర్తి పేరు సార్వకాలిక ఔన్నత్య నిర్ధారణ సంఘం. అధ్యక్షుడు ఉపేంద్రరావు గారు జన్మలో ఏ ఆటా ఆడలేదు. ఏ ఆట మీదా పక్షపాతం ఉండదని ఆయన్ని నియమించారు. ఆయనకి కుడివైపు కూర్చునే ప్రొఫెసర్ శతానందం గారిది ప్రతిభ వర్గం: గొప్పతనమంటే మనిషిలో ఉన్న ప్రతిభ. ఎడమవైపు కూర్చునే త్రినాథరావు గారిది ప్రత్యర్థి వర్గం: గొప్పతనమంటే ఎదుట నిలబడ్డవాడి నాణ్యత. ఈ ఇద్దరూ ఒకే కారులో వచ్చి, ఒకే కారులో వెళ్ళేవారు. మధ్యలో మాత్రం పడేది కాదు.

నూకరత్నం ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, దానయ్యని ఒక చేత్తో పట్టుకుని, జోగులుని వెంటబెట్టుకుని వెళ్ళింది. సంఘం ఆఫీసు లోపల ఏసీ చలి చంపేస్తోంది. దానయ్య చుట్టూ చూసి, "పెళ్ళి ఎవుర్దే?" అని అడిగాడు.

"పెళ్ళి కాదు మావా. నీ గొప్పతనం సూత్తారట. కూకో."

శతానందం గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, ప్రతిభ అనేది అంతర్గత దీప్తి. మీ భర్తగారియందు ఆ దీప్తి ఏ రూపంలో వ్యక్తమైనది?"

నూకరత్నం జోగులు వైపు చూసింది. జోగులు లేచి వెళ్ళి తన ముక్కుని ప్రొఫెసరు గారి బల్ల మీదుగా ముందుకి చాపాడు. అది మధ్యలో ఒక వైపుకి, కొసకి వచ్చేసరికి ఇంకో వైపుకి తిరిగి ఉంటుంది.

"ఇదిగో బాబూ, ఇది ఎడం సెయ్యి. ఈ రెండో ఒంపుందే, ఇదీ ఎడం సెయ్యే. కుడిసెయ్యి ఎలాగుంటాదో నాకు తెల్దు. అదొచ్చే లోపలే నాను పడిపోయీవోణ్ణి."

శతానందం గారు కళ్ళజోడు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని చూశారు. "దీప్తి ఉన్నది" అన్నారు.

"ఉండవచ్చును" అన్నారు త్రినాథరావు గారు. "కాని ఎవరి మీద? అదే కదా మౌలిక ప్రశ్న. ఈ జోగులు అనబడే వ్యక్తి ఓడిపోయినాడు. ఓడిపోయినవాడు నాణ్యత లేనివాడు. నాణ్యత లేనివానిని ఓడించుట గొప్పతనం కానేరదు."

"ఆడొక్కడే కాదండీ" అంది నూకరత్నం. "రైలోళ్ళ మనిసిని కొట్టినాడు. ఓడరేవు మనిసిని కొట్టినాడు. ఒరిస్సా నుంచి ఒచ్చినోణ్ణి కొట్టినాడు."

"అందరూ ఓడిపోయినారా?"

"అందరూనండి."

"చూశారా!" త్రినాథరావు గారు జాలిగా నిట్టూర్చారు. "ఒక్కడంటే ఒక్క నాణ్యమైన ప్రత్యర్థి లేడు."

నూకరత్నం వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. "మరి ఓడిపోనోణ్ణి ఓడించాలంటే ఎలాగండీ?"

"సంఘం ఎదురుచూస్తున్నది అటువంటివాని కొరకే."

"అయితే మా మావ ఓడిపోవాల్సిందేటండీ?"

ఈ ప్రశ్నకి ఉపేంద్రరావు గారే స్వయంగా జవాబిచ్చారు. ఆయనకి ఆడవాళ్ళతో మృదువుగా మాట్లాడతారని పేరు. "అప్పుడప్పుడమ్మా. మితంగా. ఒకటి రెండు ఆరోగ్యకరమైన ఓటములు ఉన్నట్లయితే, ప్రత్యర్థుల విలువ పెరిగి, తద్వారా వారిని ఓడించిన మీవారి విలువ కూడా పెరిగి ఉండేది. ముందుచూపు లోపించింది."

ఇంటికి వచ్చే దారిలో జోగులు తల ఎత్తలేదు. "ఓసారైనా నాను గెలిసీసి ఉండాల్సింది వదినా. తప్పు నాదే."

"నువ్వు పెయత్నం సెయ్యలేదేటి?"

"సేసినాను. రెండో ఒంపు అదే."

*

సంఘం అన్యాయం చేయదలచుకోలేదు. ప్రత్యర్థుల నాణ్యతని మూలాల దాకా వెళ్ళి పరిశీలించాలని తీర్మానించింది. దానయ్య చేతిలో ఓడినవాళ్ళకి పిలుపులు వెళ్ళాయి. బతికున్నవాళ్ళు కర్రలూ, మనవలూ ఊతంగా వచ్చారు. నువ్వు ఎవరిని ఓడించావు అని ఒక్కొక్కరినీ అడిగారు. వాళ్ళు చెప్పిన పేర్లవాళ్ళని పిలిపించి, నువ్వు ఎవరిని ఓడించావు అని అడిగారు. సంఘం మెట్ల మీద పూర్వకాలపు బాక్సర్లు గుంపులు గుంపులుగా కూర్చుని, ఒకరి ముక్కు ఒకరికి చూపించుకుంటూ, చాలా ఏళ్ళ తర్వాత హాయిగా గడిపారు.

చివరికి ఆ వరస, ఎప్పుడో ఓడ దిగి వచ్చి రేవులో ఒకడితో తలపడి పడిపోయిన ఒక పరదేశి నావికుడి దగ్గర ఆగింది. అతను నాణ్యమైనవాడని తేలితే అతన్ని ఓడించినవాడు, వాణ్ణి ఓడించినవాడు, అలా దానయ్య దాకా అందరూ ఒక్కసారిగా నాణ్యమైనవాళ్ళవుతారు. సభలో ఉత్కంఠ పెరిగింది.

"ఆ నావికుడు మద్యం సేవించి ఉన్నాడా?" అని త్రినాథరావు గారు సాక్షిని అడిగారు. సాక్షి వాళ్ళ నాన్న చెప్పగా విన్నవాడు.

"తాగకపోతే మనోళ్ళతో ఎందుకు పెట్టుకుంటాడు బాబూ?" అన్నాడు సాక్షి.

దాంతో వరస మొత్తం కుప్పకూలింది.

అప్పుడు త్రినాథరావు గారికి ఒక ఆలోచన తట్టింది. ఓడినవాళ్ళని కాదు, ఓడించినవాణ్ణి లెక్కలోకి తీసుకోవాలి. దానయ్యకి ప్రతిభ ఉన్నదని ప్రొఫెసరు గారే ఒప్పుకున్నారు. అంత ప్రతిభ గలవాణ్ణి అందరికంటే ఎక్కువసార్లు ఎదుర్కొన్నది ఎవరు? జోగులు. అంటే ప్రత్యర్థి నాణ్యత ప్రకారం ఈ తీరంలో సార్వకాలిక మహాక్రీడాకారుడు జోగులు.

జోగులు కుర్చీలోంచి కిందికి జారిపోయాడు. "ఒద్దు బాబూ! నాకీ ముక్కు సాలు!"

నూకరత్నం అతని చెవి దగ్గరికి వంగింది. "ఒప్పుకో జోగులూ. ఎవుడి పేరైతే ఏటి, సెడ్డు ఉంటాది."

స్నేహితుడి కోసం జోగులు లేచి, సిగ్గుతో చచ్చిపోతూ, తాను గొప్పవాణ్ణేనని ఒప్పుకున్నాడు. కాని శతానందం గారు ఒప్పుకోలేదు. ఇతనిలో దీప్తి లేశమాత్రం లేదన్నారు. "ఇన్నిసార్లు తగిలించుకొనుటలో ఏదో ఒక ప్రతిభ ఉండి తీరవలె" అని త్రినాథరావు గారు వాదించారు. ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఆ రోజు విడివిడి ఆటోల్లో వెళ్ళారని అందరూ చెప్పుకున్నారు.

రాజీ సూత్రం అధ్యక్షుల వారి దగ్గర నుంచే వచ్చింది. ఆయన స్థల పరిశీలనకని షెడ్డుకి వచ్చి, ముక్కు మీద చేతిరుమాలు పెట్టుకుని ఒక చుట్టు తిరిగి, ఇసుక బస్తా ముందు ఆగారు.

"దీనిని మీ భర్తగారు ఎన్నేళ్ళ నుంచి కొడుతున్నారు?"

"మా పెళ్ళికి ముందునుంచీనండి" అంది నూకరత్నం.

"ఎన్నడైనా కింద పడినదా?"

"బస్తా ఎలాగ పడతాదండీ? గొలుసుతో కట్టీసి ఉంది."

"కారణములు అనవసరం. పడినదా, లేదా?"

"లేదండి."

ఉపేంద్రరావు గారు చేతిరుమాలు తీసేశారు. ఆయన మొహంలో కనిపించినది దీప్తి అని ప్రొఫెసరు గారు తర్వాత చెప్పారు.

మరుసటి సమావేశంలో తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. అత్యంత ప్రతిభాశాలి అయిన ప్రత్యర్థిని సుదీర్ఘకాలం ఎదుర్కొని, ఎన్నడూ కూలక, వెనుకంజ వేయక, సాకులు చెప్పక నిలిచిన ఇసుక బస్తాయే ఈ నగరపు సార్వకాలిక మహా బాక్సర్. షెడ్డు ఆ పేరు మీద శాశ్వతంగా పరిరక్షింపబడుతుంది.

నూకరత్నం చేతులెత్తి దండం పెట్టింది. ఏదైతేనేం, షెడ్డు దక్కింది. గుమ్మం దాటబోతూ ఉంటే సంఘం కార్యదర్శి వెనక నుంచి మిగిలినది చదివాడు. అంతటి మహనీయ వస్తువును ఇకమీదట ఎవరూ తాకరాదు, కొట్టరాదు. షెడ్డుకు తాళం వేయవలెను. ఏటా ఒకసారి, సన్మాన దినమున మాత్రమే తెరువవలెను.

*

తెల్లారి ఆమె లేచేసరికి దానయ్య మంచం మీద లేడు. పరుగున వెళితే షెడ్డు ముందు ఉన్నాడు. తలుపుకి సంఘం వారి కొత్త తాళం వేలాడుతోంది. పట్టీలు రెండు చేతులకీ శుభ్రంగా చుట్టుకున్నాడు. చొక్కా గుండీలు మాత్రం తప్పు పెట్టుకున్నాడు.

"గంట కొట్టవేటే రత్నం?" అన్నాడు. "పిల్లలొచ్చీసే ఏళైంది."

పిల్లలు వచ్చే ఉన్నారు. దూరంగా వలల కుప్పల దగ్గర నిలబడి చూస్తున్నారు. ఆయన వాళ్ళ వైపు చూశాడు గాని ఒక్కరి పేరూ పలకలేదు.

"రేపు కొడతాను మావా. రా."

మర్నాడూ అదే ప్రశ్న. ఆ పై రోజు ఆయన ప్రశ్న కూడా అడగలేదు. తాళాన్ని చూస్తూ, "ఇదెవురిల్లు?" అన్నాడు. నూకరత్నం తీగ మీద ఎప్పుడో ఆరిపోయిన పట్టీలని మళ్ళీ తీసి ఉతకడానికి కూర్చుంది.

*

సన్మానం రోజున షెడ్డుకి రంగుకాగితాలు కట్టారు. బస్తాకి పట్టుశాలువా కప్పి, గజమాల వేశారు. మాల బరువుకి బస్తా కాస్త ఊగితే, వినయంతో తల వంచిందని వ్యాఖ్యాత మైకులో చెప్పాడు. బస్తా తరఫున స్పందించమని ఎవరినీ పిలవకపోవడం ఒక్కటే కార్యక్రమంలో కనిపించిన సంయమనం.

దానయ్యని ముందు వరసలో, బరి పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన బస్తాతో తలపడిన వ్యక్తి కాబట్టి ఆహ్వానితుడు. షెడ్డు వాసన తగిలాక ఆయన మొహం కొద్దిగా తేటపడింది. నూకరత్నం అది గమనించి, తెలిసిన చోటే నిలబడింది, గంట పక్కన.

ఉపేంద్రరావు గారు బరిలోకి ఎక్కి, గొప్పతనం గురించి సుదీర్ఘంగా ప్రసంగించారు. పేపరు ఫొటోగ్రాఫరు అటూ ఇటూ తిరిగి పెదవి విరిచాడు.

"సార్, బస్తా ఫొటో ఏం బావుంటుంది సార్? మీరు గ్లవ్స్ తొడుక్కోండి. ఆ పెద్దాయన్ని పైకి పిలిచి ఎదురుగా నిలబెట్టుకోండి. మీరు కొడుతున్నట్టు పోజు. మొదటి పేజీలో వస్తుంది."

మొదటి పేజీ అనేసరికి ఉపేంద్రరావు గారు చేతులు చాపారు. కార్యదర్శి గ్లవ్స్ తొడిగాడు. దానయ్యని జోగులు చెయ్యి పట్టి బరిలోకి ఎక్కించి, తన అలవాటు చొప్పున ఓడిపోయేవాళ్ళ మూల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. దానయ్య చేతులు కిందికి వేలాడేసుకుని, ఎక్కడున్నానో తెలియనట్టు నిలబడ్డాడు. ఉపేంద్రరావు గారు ఛాతీ పొంగించి, పిడికిలి ఎత్తి, కెమెరా వైపు చిరునవ్వు నవ్వారు.

"ఇక గంట మోగించండి!" అని ఆదేశించారు.

నూకరత్నం తాడు పట్టుకుని ఆగింది. "గంట కొట్టమంటారా అండీ?"

"కొట్టండమ్మా."

"మా మావ ఎదురుగా ఉన్నాడండీ. కొట్టమనీసి మీరే అంటన్నారు."

"అమ్మా, గంట మోగనిదే కార్యక్రమం ప్రారంభమైనట్లు కాదు. అది నిబంధన."

నిబంధన అన్నాక ఆమె చేసేదేముంది? నిండా బలం పెట్టి కొట్టింది.

ఆ మోత ఇంకా రేకుల్లో తిరుగుతూ ఉండగానే దానయ్య వెన్ను నిటారైంది. చేతులు గడ్డం ముందుకి వచ్చాయి. పెద్ద దెబ్బేమీ కాదు, వయసైన మనిషి ఎడంచెయ్యి, పిల్లలకి నేర్పేటప్పుడు చూపించేపాటి తాకిడి. ఉపేంద్రరావు గారు చిరునవ్వు చెదరకుండానే కూర్చుండిపోయారు. దానయ్య మర్యాదగా అవతలి మూలకి వెళ్ళి తాడు ఆనుకుని నిలబడ్డాడు. జోగులు పది దాకా లెక్క మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళూ కింద నుంచి విన్న లెక్కని మొట్టమొదటిసారి పై నుంచి చెబుతున్నాడేమో, ఒక్కో అంకెనీ సాగదీసి చెప్పాడు.

పది పూర్తయినా అధ్యక్షులు లేవలేదు.

సంఘ సభ్యులు బరిలోకి ఎగబాకారు. "పోలీసులను పిలవండి! ఈ ముసలివానిని..." అని కార్యదర్శి అరుస్తుంటే త్రినాథరావు గారు అతని చెయ్యి పట్టుకుని ఆపారు. ఆయన మొహం పాలిపోయి ఉంది. "తొందరపడకండి. ఓడిపోయినవాడు నాణ్యత లేనివాడని మన సంఘం తీర్మానించి ఉన్నది."

అందరూ కిందికి చూశారు. ఉపేంద్రరావు గారు కింద నుంచి పైకి చూశారు.

"నా నాణ్యత ఏమిటి?" అని అడిగారు, దవడ పట్టుకుని.

పై ఏడాది సంఘాన్ని కొనసాగించాలో వద్దో ఆయన ఇంకా చెప్పలేదు.

"అత్యున్నతం సార్" అన్నారు త్రినాథరావు గారు.

"సార్వకాలికం" అన్నాడు కార్యదర్శి.

"అయితే అత్యున్నత ప్రత్యర్థిని ఓడించినవాడు..." అని శతానందం గారు మొదలుపెట్టి, తన వర్గం గుర్తొచ్చి, వంగి అడిగారు. "సార్, దీప్తి వ్యక్తమైనదా?"

"వ్యక్తమైనది" అన్నారు ఉపేంద్రరావు గారు కళ్ళు మూసుకుని.

సంఘం చరిత్రలో బరి మీద మోకాళ్ళపై కూర్చుని జరిపిన సమావేశం అదొక్కటే. బస్తా బిరుదు అక్కడికక్కడే రద్దయింది. శాలువా దానయ్య భుజాల మీదకి మారింది. ఆయన దాన్ని తువ్వాలు అనుకుని మొహం తుడుచుకున్నాడు. తుడుచుకుని, తలుపు దగ్గర గుంపుగా నిలబడ్డ పిల్లల వైపు చూసి, "ఓలే పైడమ్మా! అలాగ సూత్తావేటి, సేతులు పైకెత్తు!" అని అరిచాడు. నూకరత్నం అటు తిరిగి, గంట తాడుకి లేని చిక్కు తీస్తూ నిలబడిపోయింది.

*

తాళం తీసేశారు. వారం తిరగకుండా షెడ్డు ముందు పెద్ద బోర్డు వెలిసింది. దాని మీద ఇలా రాసి ఉంది: "అత్యున్నత, అసమాన, సార్వకాలిక ప్రత్యర్థి శ్రీ ఉపేంద్రరావు గారు ఈ పవిత్ర స్థలమున వీరోచితముగా తలపడిరి." ఈ మాటలన్నీ ఏనుగంత అక్షరాల్లో ఉన్నాయి. ఎవరితో తలపడిరి అన్నది అడుగున, మేకు పక్కన, చీమల బారులా ఉంది. కళ్ళజోడు ఉన్నవాళ్ళు చదువుకోవచ్చు.

జోగులుకి మాత్రం కడుపు మండిపోయింది. టీ గ్లాసు పట్టుకుని రోజూ ఆ బోర్డు ముందు నిలబడి గొణుగుతాడు. "జల్మంతా పడ్డాను వదినా. ముక్కు ఇచ్చీసినాను. నాకో అచ్చరం లేదు. ఆయనొక్కపాలి కూకుండిపోతే సూడు, ఎంత బోర్డో!"

"పెద్దోళ్ళు పడ్డం ఏరు, మనం పడ్డం ఏరు. తప్పుకో" అంది నూకరత్నం.

ఆ రోజు పిల్లలు ఎక్కువమంది వచ్చారు. తీగ చాలలేదు. తడి పట్టీలు గట్టిగా పిండి, దులిపి, బోర్డు మీద నుంచి ఒకదాని పక్కన ఒకటి వేలాడేసింది. అత్యున్నత నుంచి ఉపేంద్రరావు గారి దాకా అన్నీ మరుగైపోయాయి. ఎండ తగిలే చోటు. తొందరగా ఆరతాయి.

లోపల దానయ్య కేక వేశాడు. ఆమె చేతులు చీరకి తుడుచుకుని, గంట కొట్టడానికి వెళ్ళింది.